డెల్ఫ్ట్ పట్టణపు ఎర్రని దారి

మా అమ్మాయి, అల్లుడు నెదర్లాండ్స్ దేశంలోని డెల్ఫ్ట్ పట్టణంలో కాపురముంటున్నారు. గత జూన్ నెలలో మేము దంపతులం వారింటికి వెళ్లి మూడు వారాలున్నాము.

మొదటి రోజు ఉదయమే మా గుండె ఝల్లుమంది. ఎనిమిదేళ్ల మనవరాలు పుస్తకాల సంచి తగిలించుకుని, సైకిలెక్కి బడికి బయలుదేరింది. "కారులో దింపకూడదా అమ్మా?" అని అమ్మాయిని మందలించాము. మా భయానికి కారణముంది. పన్నెండేళ్ల క్రితం మా తమ్ముడు పాలక్యాను కట్టుకుని సైకిలుమీద వెళ్తుండగా లారీ తగిలి చనిపోయాడు. నాటినుండి మా ఇంట ఎవరూ సైకిలు ముట్టలేదు.

అమ్మాయి వాదించలేదు. "బడిదాకా నడిచి చూసి రండి నాన్నా" అంది. వెళ్లాము. ఎర్రని దారి ఒకటి సైకిళ్లకే వదిలారు. ఇళ్లున్న కొన్ని వీధుల్లోనైతే కార్లు చాలా నెమ్మదిగానే పోవాలి. ఈ పద్ధతికి పుట్టిల్లు డెల్ఫ్టే. 1976లో అది చట్టమైంది.

ఈ దేశం మొదటినుండి ఇలా లేదు. 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలే. కడుపుమండిన తల్లిదండ్రులు 'పిల్లల హత్య ఆపండి' అంటూ వీధుల్లోకి వచ్చారు. 1973లో చమురు కొరత వచ్చి, నవంబరు 4నుండి కొన్ని ఆదివారాలు కార్లు నడపకూడదన్నారు. కార్లు లేని రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు.

అక్కడా సైకిలు ప్రమాదాలు లేకపోలేదు. 2023లో రోడ్లమీద చనిపోయిన 684 మందిలో 270 మంది సైకిలు తొక్కేవారే. పడితే దెబ్బ తొక్కేవారికే. కాని సైకిలు ఎదుటివారి ప్రాణం తీయడం అరుదు. కారు లోపలివారిని కాపాడుతుంది, అపాయాన్ని బయటివారిమీదికి నెడుతుంది. పైగా లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. సైకిలు తొక్కితే పొగే లేదు.

తమ్ముణ్ణి చంపింది సైకిలు కాదని మాకు అక్కడ తెలిసింది. మరి మేమేం చేస్తున్నాము? రెండు ఫర్లాంగుల దూరంలోని గుడికి కారులో వెళ్తున్నాము. మేము హారను కొడితే బడిపిల్లలు సైకిళ్లు దిగి బురదలో నిలబడుతున్నారు.

రోగిని ఆస్పత్రికి చేర్చడానికి, దూరప్రయాణానికి కారు కావాలి, కాదనము. ఊరికి తిరిగివచ్చాక తమ్ముడి సైకిలు అటకమీదినుండి దించి, టైర్లు మార్పించాము. ఆదివారం నడిచి వెళ్తున్నాము. మన ఊళ్లకు ఎర్రని దారులు ఎప్పుడొస్తాయో చెప్పలేము. పిల్లలు కనబడినప్పుడు వేగం తగ్గించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు గదా!