బ్యాక్ పాస్

ఇంటర్ కాలేజ్ ఫుట్‌బాల్. ఇంకా పది నిమిషాలుంది, 0-1తో వెనకబడ్డాం. రైట్ వింగ్‌లో నా ముందంతా ఖాళీ. అయినా బాల్ వెనక్కే ఇచ్చాను. ఎక్కువ గోల్స్ పడితే పరువు పోతుందని, రిస్క్ వద్దన్నదే మా ప్లాన్. అదే స్కోరుతో ఓడాం.

హిమాయత్‌నగర్‌లో రూమ్‌కి నడిచొస్తుంటే రహీం సాబ్ గుర్తొచ్చారు. మన హైదరాబాద్ టీచరే, ఇండియా కోచ్ అయ్యారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో, తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం. అందులో ఒక గోల్ జర్నైల్‌దే!

ఓడకూడదని మాత్రమే ఆడితే గెలిచే దారి మనమే మూసేసుకుంటాం. తప్పు ప్లాన్‌దేనని అందరికీ చెప్పాను. కానీ ఆ ఖాళీని చూసింది నేనే కదా.