గనిలో ఉన్న పెట్టె, బడిలో లేని పెట్టె

2025 మార్చి. రమజాన్ మూడవ వారం. సికింద్రాబాదులో మధ్యాహ్నం ఎక్కిన భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లోనే మేము ఇఫ్తార్ చేశాము. ఎదుటి సీటులోని పెద్దాయన, కాగజ్‌నగర్ వెళ్తున్నవారు, మా ఖర్జూరాలు తీసుకొని తన సీసాలోని చల్లని నీరు మాకు ఇచ్చారు. ప్రయాణికులకు ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు ఉన్నది కదా అని మా ఆవిడ బయలుదేరే ముందు గుర్తు చేసింది. కూర్చొని చేసే అయిదు గంటల ప్రయాణానికి ఆ వెసులుబాటు ఎందుకులే అనుకున్నాము. రాయితీని గురించిన ఆ మాట ఎంత బరువైనదో మరునాడు గోదావరిఖనిలో తెలిసింది.

రామగుండం స్టేషనులో దిగేసరికి చీకటి పడింది. ఎన్టీపీసీ పొగగొట్టాల మీది ఎర్రదీపాలు దూరాన మిణుకుమంటున్నాయి. ఆటో గోదావరిఖని వైపు సాగుతుంటే గాలిలో బొగ్గు వాసన, దుమ్ము, వాటితోపాటు రాత్రి అయినా వదలని వేడి. ఎండకు ఈ ప్రాంతం పెట్టింది పేరు. మార్చి సగానికే ఒంటిపూట బడులు మొదలవుతాయి. మేలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం ఇక్కడివారికి వార్తే కాదు.

ఈ ఊరు వ్యవసాయంతో పుట్టినది కాదు. 1871లో ఇల్లెందు ప్రాంతంలో డాక్టర్ కింగ్ బొగ్గును కనుగొన్నారు. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు స్థిరపడింది. 1960ల దశకంలో ఆ సంస్థ గోదావరి ఒడ్డున గనులు తవ్వడం మొదలుపెట్టాక వాటి చుట్టూ అల్లుకున్న ఊరే గోదావరిఖని. గని పేరే కాలనీ పేరు. ఎనిమిదవ ఇంక్లైన్ దగ్గరి కార్మిక వాడను అందరూ ‘యైటింక్లయిన్ కాలనీ’ అంటారు. ఇంగ్లీషు అంకె ఇక్కడి నాలుకల మీద అరిగి అరిగి చివరకు తెలుగు పేరయింది. వరంగల్లు, నల్లగొండ, కోస్తా, ఉత్తరాది - ఎక్కడెక్కడివారో బాయి పనికి వచ్చి ఇక్కడే మూడు తరాలు గడిపారు. మా ఖాలా కుటుంబమూ అలా వచ్చినదే. ఖాలూ భూగర్భ గనిలో పనిచేసి పదవీ విరమణ చేశారు. ఇప్పుడు వారి కుమారుడు జనరల్ మజ్దూర్. ఆయన కూతురికి పన్నెండేళ్లు. మేము వచ్చింది ఆ అమ్మాయిని చూడడానికే.

ఎనిమిదవ ఏట ఆ అమ్మాయికి టైపు వన్ మధుమేహం బయటపడింది. విపరీతమైన దాహం, పదే పదే మూత్రం, చిక్కిపోతున్న శరీరం. ఎండ వల్లనే అనుకొని ఇంట్లోవారు కొన్ని వారాలు మజ్జిగ, సబ్జా నీళ్లు తాగించారట. పెద్దలకు వచ్చే చక్కెర వ్యాధి వేరు, ఇది వేరు. ఇందులో క్లోమం ఇన్సులిన్ తయారు చేయడం దాదాపు మానేస్తుంది. తిండి తగ్గించడంతోనో నడకతోనో కుదుటపడేది కాదు. రోజుకు నాలుగుసార్లు సూది, అయిదారుసార్లు వేలి నుండి రక్తపు చుక్క. ఇది జీవితకాలపు లెక్క. సూది వేసి తినకపోతే చక్కెర పడిపోతుంది. తిని సూది వేయకపోతే పెరిగిపోతుంది.

మా ఖాలా చెప్పిన సంగతి అంతకు ముందు సంవత్సరం రమజాన్‌లో జరిగింది. ఇంట్లో అందరూ సహరీకి లేస్తున్నారు. తోటి పిల్లలు ఎన్ని రోజాలు ఉన్నారో వేళ్ల మీద లెక్క చెప్పుకుంటున్నారు. ఈ పాపకు మాత్రం పొద్దున్నే సూది, ఇడ్లీ. ఒకనాడు తల్లి సూది వేసి వంటింట్లోకి తిరగగానే పాప ఇడ్లీలను కాగితంలో చుట్టి సంచిలో దాచింది. ఎవరికీ చెప్పకుండా రోజా ఉండి, ఇఫ్తార్ వేళ అందరినీ ఆశ్చర్యపరచాలని ఆమె కోరిక. పదిన్నరకు బడిలో చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, మాట తడబడింది. తరువాత బల్ల మీద వాలిపోయింది.

ఆ గదిలో ఉన్న పెద్దలంతా మంచివారే. ఒకరు మూర్ఛ అనుకొని తాళాల గుత్తి చేతిలో పెట్టారు. ఒకరు విసనకర్రతో విసిరారు. పక్క బెంచీ స్నేహితురాలు తన డబ్బాలోని చాక్లెట్ తీస్తే, “షుగరు పిల్లకు తీపి పెడతావా!” అని ఒక ఉపాధ్యాయురాలు లాగేసుకున్నారు. షుగర్ అన్న పేరే దారి తప్పించింది. రక్షించినది బడి ఆయా. ఆమె భర్తకూ చక్కెర జబ్బే. పాప ఇంకా మింగగలుగుతున్నదని చూసుకొని, గ్లాసులో మూడు చెంచాల చక్కెర కలిపి గుక్కగుక్కగా తాగించింది. పావుగంటలో పాప కళ్లు తెరిచి, రోజా విరిగిపోయిందని ఏడ్చింది.

ఈ మాట చెప్పేటప్పుడు మా ఖాలా గొంతు పూడుకుపోయింది. మేమూ చాలాసేపు ఏమీ అనలేకపోయాము.

ఆ సాయంత్రమే వాడలోని మసీదు ఇమాంగారు ఇంటికి వచ్చారట. పాపను పక్కన కూర్చోబెట్టుకొని అల్ బఖర సూరాలోని 184, 185 ఆయతులు చదివి, వాటి భావం చెప్పారు. వ్యాధిగ్రస్తునికి అల్లాహ్ సౌలభ్యాన్నే కోరాడనీ, కష్టాన్ని కోరలేదనీ, యుక్తవయసు రాని పిల్లలపై అసలు ఉపవాసం విధి కాదనీ, ఆయన ఇచ్చిన రాయితీని స్వీకరించడం కూడా విధేయతేననీ వివరించారు. “నీ సూదిని వేళకు వేయించుకోవడమే నీ రోజా అనుకో, బేటీ” అన్నారట. తరువాతి జుమా ప్రసంగంలో పేరు చెప్పకుండా ఇదే విషయం మాట్లాడారు. ఆ ప్రసంగం విన్నవారిలో ఇద్దరు తల్లిదండ్రులు నమాజు తరువాత ఆగి, తమ ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలున్నారని మెల్లగా చెప్పారు. అప్పటివరకు ఎవరికీ చెప్పలేదట. ఆడపిల్లకు రేపు సంబంధం ఎలా వస్తుందోనన్న భయం. మన ఇళ్లలో ఈ దాపరికం ఎంతమంది పిల్లలను ప్రమాదంలోకి నెడుతున్నదో! బడికి చెప్పని జబ్బుకు బడి ఎలా సాయపడగలదు?

పాప తండ్రి తక్కువ మాట్లాడే మనిషి. తరావీహ్ ముగించుకొని వచ్చి, ముంగిట మంచం మీద కూర్చొని మాతో అన్న మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉన్నది. “భాయీ, నేను భూమి కింద పనిచేస్తాను. అక్కడ నాకు ఏమన్నా అయితే ఏం చేయాలో తెలిసినవాడు షిఫ్టులో ఉంటాడు. పెట్టె ఉంటుంది, స్ట్రెచర్ ఉంటుంది. నా బిడ్డ భూమి మీద, పంకా కింద కూర్చుంటుంది. అక్కడ ఎవరూ లేరు.”

ఈ మాటలో అతిశయోక్తి లేదు. అప్పుడు అమలులో ఉన్న 1952 నాటి గనుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి గనిలో పనివేళలన్నింటా సులభంగా అందేటట్లు ప్రథమ చికిత్స పెట్టెలు ఉండవలసి ఉండేది. ప్రతి పెట్టెకూ శిక్షణ పొందిన ఒక బాధ్యుడు ఉండవలసి ఉండేది. 150 మందికి మించి పనిచేసే గనిలో ప్రథమ చికిత్స గది ఉండి తీరవలసి ఉండేది. మరి బడి? 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో తరగతి గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీగోడ, గ్రంథాలయం అన్నీ ఉన్నాయి. జబ్బుపడిన పిల్లను పడుకోబెట్టే గది లేదు. సూది మందు తెలిసిన మనిషి లేడు. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నాక బొగ్గుబాయిలో ఆ పెట్టె వచ్చింది. బడిలో కూడా అలాగే రావాలా?

ఆయన ఫిర్యాదు చేసి ఊరుకోలేదు. గనిలో తాను నేర్చుకున్న ప్రథమ చికిత్స పద్ధతినే బడికి తీసుకువెళ్లారు. సెలవు పెట్టి, ప్రధానోపాధ్యాయుని అనుమతితో ఒక శనివారం ఉపాధ్యాయులందరి ఎదుట నిలబడ్డారు. కూలివాడు పంతుళ్లకు పాఠం చెప్పడం తనకే సిగ్గుగా అనిపించిందట. చెప్పినది కొంచెమే: వణుకు, చెమట, తికమక కనిపిస్తే అది చక్కెర తగ్గడం. మీటరులో 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాల తరువాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. మీటరు లేకపోతే? అనుమానం ఉన్నా చక్కెరే ఇవ్వాలి. కొంచెం ఎక్కువైతే తరువాత సరిచేయవచ్చు, తక్కువైతే ఆ వ్యవధి ఉండదు.

మరునాడు మేము ఆ బడికి వెళ్లాము. కార్యాలయపు గదిలో బీరువా మీద ఎర్రరంగు వేసిన రేకు డబ్బా ఉన్నది. అందులో చక్కెర పొట్లం, గ్లూకోజు పొడి, మీటరు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు. బీరువా తలుపు లోపలివైపు ఆయన చేత్తో రాసిన కాగితం అతికించి ఉన్నది. డబ్బా తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగాము. “తాళం లేదండీ, తాళం వేస్తే ఆనాడు తాళంచెవి ఉన్నవారే సెలవులో ఉంటారు” అన్నారు ప్రధానోపాధ్యాయులు నవ్వుతూ. ఇంటి వద్ద తెరవని ఇన్సులిన్ 2 నుండి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంటుంది. కరెంటు పోయే రోజుల కోసం, వాడుకలో ఉన్న సీసా కోసం, ఖాలా ఒక చిన్న మట్టికుండను పెద్దకుండలో పెట్టి, మధ్యలో తడి ఇసుక నింపి ఉంచింది. ఈ ఎండల్లో సంచిలో మోసిన ఇన్సులిన్ రంగు మారకుండానే శక్తి కోల్పోతుంది.

పరీక్షల మాట కూడా వచ్చింది. సీబీఎస్ఈ 2017లోనే ఇలాంటి పిల్లలు పరీక్ష హాలులోకి చక్కెర బిళ్లలు, పండ్లు, నీరు తీసుకువెళ్లడానికి అనుమతించింది. 2023 మార్చిలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం రాష్ట్రాలకు లేఖ రాసింది. తరగతిలో చక్కెర పరీక్షించుకోవడానికి, ఇన్సులిన్ తీసుకోవడానికి, మధ్యలో చిరుతిండి తినడానికి పిల్లలను అనుమతించాలని కోరింది. ఆ లేఖ ప్రతిని పాప తండ్రి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులోనే ఉంచుకుంటారు. అడిగినచోటల్లా విప్పి చూపడం వల్ల మడతల దగ్గర చిరిగింది.

అదే బడి వరండాలో ఒక తల్లి కనిపించింది. ఒడిలో జాకెట్లు, చేతిలో సూదిదారం. కూతురు మూడవ తరగతి. పుట్టుకతోనే వెన్నుపూస సరిగా మూసుకోలేదు, మూత్రాశయం దానంతట అది ఖాళీ కాదు. మూడు నాలుగు గంటలకొకసారి శుభ్రమైన సన్నని గొట్టంతో మూత్రం తీయాలి. ఆలస్యమైతే మూత్రపిండాలకు ముప్పు. ఆ ఒక్క పది నిమిషాల పని కోసం తల్లి రోజంతా వరండాలో కూర్చుంటుంది. ఇల్లు దూరం, ఆటోకు డబ్బు ఎక్కువ. “పాపకు నేను చదువు చెప్పలేను సార్, కూర్చోగలను” అన్నది. మా ఆవిడ ఆమె పక్కన కూర్చొని ఒక జాకెట్టుకు హుక్కులు కుట్టింది. మాటలు ఎక్కువ సాగలేదు.

మండలానికొకటిగా ఉండే భవిత కేంద్రాలలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు, ఫిజియోథెరపీ ఉన్నది, కదలలేని పిల్లలకు ఇంటి వద్దనే పాఠాలు చెప్పే ఏర్పాటూ ఉన్నది. ఆ తల్లికి ఊతకర్రలు, పాదాలకు పట్టీలు అందినది ఆ దారినే. గొట్టం వేసే చెయ్యి మాత్రం ఏ పథకంలోనూ దొరకలేదు.

యైటింక్లయిన్ కాలనీలో మరొక కుటుంబాన్ని కలిశాము. తండ్రి కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసే డ్రైవరు. కుమారునికి తలసేమియా. మూడు వారాలకొకసారి తెల్లవారుజామునే రైలెక్కి హైదరాబాదు వెళ్తారు. 1998లో ఏర్పడిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీలో రక్తం ఎక్కించుకొని మరునాటికి తిరిగివస్తారు. బడిలో అతని హాజరు పట్టీ నిండా ఖాళీలు. ఆ ఖాళీలను పక్కింటి అమ్మాయి నింపుతున్నది. రెండు నోటుపుస్తకాలలో పాఠం రాసి, ఒకటి అతనికి ఇస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి. కనుక ఈ అబ్బాయికి ధ్రువపత్రం పొందే హక్కున్నది, బడిలో తగిన వెసులుబాట్లు అడిగే ఆధారమూ ఉన్నది. మధుమేహం ఆ జాబితాలో లేదు. అందుకే మా పాపకు జేబులోని లేఖే గతి. ఇంగ్లండులో 2014 నాటి చట్టం జబ్బు పేరుతో పేచీ లేకుండా, వైద్య అవసరమున్న విద్యార్థులందరికీ తోడ్పాటు ఏర్పాట్లు చేసే బాధ్యతను బడిపైనే ఉంచింది. అక్కడ అన్నీ సక్రమంగా జరుగుతున్నాయని మేము అనము. అడగడానికి ఒక సెక్షన్ ఉన్నది, అంతే తేడా.

రమజాన్ కదా, ఆ అబ్బాయి తండ్రి మమ్మల్ని ఏమీ తినమనలేదు. వెళ్లబోతుంటే మాత్రం, “మీ మసీదువాళ్లు పండుగ అయినంక రక్తదానం పెడతమన్నరు. ఎండకాలం రక్తం దొరకదు సార్, మరిచిపోవద్దని చెప్పండి” అన్నాడు. చెబుతామన్నాము. ఆ సాయంత్రమే ఇమాంగారికి చెప్పాము. ఆయన అప్పటికే పేర్లు రాసుకున్న పుస్తకం తీసి చూపారు. మా ఇద్దరి పేర్లనూ చేర్చమన్నాము. హైదరాబాదు నుండి దీనికోసం వస్తారా అని ఆయన అడిగారు. ఈద్ కలుపుకొని వస్తామన్నాము.

ఇఫ్తార్‌కు పది నిమిషాల ముందు ఖాలా ఇంట దస్తర్ పరిచారు. పండ్లు ముక్కలు చేసి పళ్లేలలో సర్దే పని పాపది. అందరికీ ఖర్జూరాలు పంచి, తన ముందు మీటరు పెట్టుకొని కూర్చున్నది. వేలికి సూది గుచ్చి అంకె చూసి, “నూట ముప్పయి రెండు, చాచా” అన్నది మా వైపు తిరిగి. అంతలో అజాన్ వినిపించింది.