తరంగంబాడిలో ఒక రోజు

పాండిచ్చేరి చూసినవాళ్లు చాలామంది అక్కడి నుంచే వెనక్కి తిరిగేస్తారు. అలాగే దక్షిణంగా కారైకాల్ వైపు బస్సెక్కితే, కారైకాల్ ఇంకా రాకముందే తరంగంబాడి తగులుతుంది. ఇది ఫ్రెంచివాళ్లది కాదండీ, డెన్మార్క్ వాళ్లది! నోరు తిరగక వాళ్లు దీన్ని ‘ట్రాంకేబార్’ అన్నారు.

1792 నాటి తెల్లటి ముఖద్వారం దాటితే, కింగ్స్ స్ట్రీట్ తిన్నగా సముద్రం దాకా పోతుంది. పొద్దున్నే వెళ్తే నడక హాయి. మధ్యలో 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి. తమిళంలో కొత్త నిబంధనను అచ్చువేయించిన జీగెన్‌బాల్గ్ సమాధి అందులోనే ఉంది.

వీధి చివర డాన్స్‌బోర్గ్ కోట. 1620లో ఈ నేల మీద డేన్లకు కోట కట్టుకునే హక్కు ఇచ్చిందెవరో తెలుసా? తంజావూరు రఘునాథ నాయకుడు. అవును, తెలుగులో కావ్యాలు రాసిన మన రఘునాథుడే! కోట మాటెత్తితే అందరూ డేన్ల పేరే చెబుతారు, నాకైతే ఆయనే గుర్తొచ్చాడు. 1845లో డేన్లు ఈ ఊరినీ, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌నీ కలిపి పన్నెండున్నర లక్షలకు ఇంగ్లీషువాళ్లకు అమ్మేసి వెళ్లిపోయారు.

కోటకు కాస్త ఉత్తరంగా మాసిలామణి నాథుడి గుడి. డేన్లకంటే మూడొందల ఏళ్లు పెద్దది, 1306 నాటిది. ముందు భాగాన్ని ఎప్పుడో సముద్రం మింగేసింది. 2004 సునామీ ఊరినంతా కుదిపేసింది. ఇప్పుడు గుడి ముందు కెరటాలకు అడ్డంగా బండరాళ్లు పేర్చారు. సాయంత్రం వాటి మీద కూర్చున్నాను. ఒక్కో కెరటానికీ తుంపర మొహం దాకా వస్తోంది.