సఫోక్ పల్లెలో ఒక రికార్డుల ఇల్లు

మా అన్నయ్య పోయి ఏడాది తిరిగింది. సంవత్సరీకం నాడు భోజనాలయి, చుట్టాలంతా వరండాలో చేరి తాంబూలాలు వేసుకుంటున్న వేళ, వదినగారు నన్ను లోపలి గదిలోకి పిలిచి, "వీటి సంగతి ఏం చెయ్యమంటావయ్యా?" అని అడిగారు.

"వీటి" అంటే గ్రామఫోను రికార్డులు. కాకినాడ రామారావుపేటలోని ఆ ఇంట్లో మూడు గోడల పొడుగునా బల్లలు వేసి, పదిహేను వందల పైచిలుకు రికార్డులు పేర్చి పెట్టుకున్నాడు అన్నయ్య. మా నాన్నగారి నాటి నాటకపు సెట్లు మొదలుకొని 'పాతాళభైరవి', 'మాయాబజార్' పాటలదాకా లక్క రికార్డులు ఒక వైపు. తరువాత వచ్చిన ఎల్.పి.లు ఒక వైపు. ఆయనది గుమాస్తా ఉద్యోగం. నెల మొదట్లో కిరాణా కొట్టు బాకీ తీర్చకముందే రికార్డుల కొట్టుకు వెళ్ళి వచ్చేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. వదినగారు నవ్వేవారు కాదు, కోప్పడేవారు.

పిల్లలిద్దరూ హైదరాబాదులో ఫ్లాట్లలో ఉంటారు. రెండు గదులూ, ఒక హాలూ. అక్కడ మనుషులు తిరగడానికే చోటు చాలదు. పెద్దవాడు పాతసామాన్ల కొట్టువాణ్ణి పిలిపిస్తే, అతడు నాలుగు రికార్డులు చేత్తో బరువు చూసి, "కిలోల లెక్కన అయితే పట్టుకుపోతానండీ" అన్నాడట. ఆ మాటకు వదినగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

నాకు జవాబు తోచలేదు. "వచ్చే నెల అమ్మాయి దగ్గరకు ఇంగ్లండు వెళుతున్నాము కదా, తిరిగి వచ్చాక ఆలోచిద్దాం" అని తప్పించుకున్నాను. జవాబులో సగం అక్కడే దొరుకుతుందని అప్పుడు నాకేం తెలుసు!

గిప్పింగ్ నది వెంట

మా అమ్మాయీ, అల్లుడూ ఇద్దరూ డాక్టర్లు. ఇప్స్‌విచ్ అనే ఊళ్ళో కాపురం. లండనుకు ఈశాన్యాన, సఫోక్ జిల్లాలో ఓర్వెల్ నది ఒడ్డున ఉన్నది ఆ ఊరు. ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర నేను అన్నయ్య రికార్డుల మాట ఎత్తితే, అల్లుడు తల ఎత్తి, "మామయ్యగారూ, మీరు జాన్ పీల్ గారి ఊరు చూసి తీరాలి. ఇక్కడికి దగ్గరే" అన్నాడు.

జాన్ పీల్ ఎవరో నాకు తెలియదు. రాత్రి పొద్దుపోయేదాకా అల్లుడు చెప్పాడు. లివర్‌పూల్ నగరానికి దగ్గర హెస్వాల్‌లో 1939లో పుట్టిన ఈయన, 1967లో బి.బి.సి. వారి రేడియో 1 ప్రారంభమైన నాటి నుంచి 2004లో తాను పోయేదాకా, ముప్పయ్యేడేళ్ళు, అందులో రికార్డులు వినిపించాడు. పేరు మోసినవారి పాటలు అందరూ వేస్తారు. ఈయన ఎవరూ వినని వారి పాటలు ఏరి వేసేవాడు. అందుచేత ఊరూ పేరూ లేని కుర్రవాళ్ళంతా తమ మొదటి రికార్డు ఈయనకు పంపేవారు. వచ్చినవి వచ్చినట్టు దాచేవాడు. అలా దాచినవి చివరికి 26,000 ఎల్.పి.లు, 40,000 చిన్న రికార్డులు అయినాయి. సి.డి.లు వీటికి అదనం.

నేను మనసులోనే లెక్క వేసుకున్నాను. అట్టతో కలిపి ఒక్కొక్క ఎల్.పి. పావుకిలో చొప్పున చూసినా ఎల్.పి.ల బరువే ఆరున్నర టన్నులు. ఒక్కొక్కదాని మందం మూడు మిల్లీమీటర్లనుకుంటే, పక్కపక్కన నిలబెట్టడానికి రెండువందల యాభై అడుగుల పొడుగు బల్ల కావాలి. ఇక మా అన్నయ్యవి ఏపాటి!

మర్నాడు ఆదివారం. నలుగురమూ రైలెక్కాము. ఇప్స్‌విచ్ నుంచి స్టోమార్కెట్‌కు పావుగంట కూడా పట్టదు. గిప్పింగ్ అనే చిన్న నది వెంటే పోతుంది రైలు. నది అని వారంటారు గాని, మన గోదావరి జిల్లాల వాళ్ళ కంటికి పంటకాలువే. రెండు వైపులా పండిన గోధుమ చేలు, మధ్య మధ్య చెట్ల గుంపులు. కొండా లేదు, గుట్టా లేదు. "అచ్చం మన కోనసీమే, కొబ్బరిచెట్లు తీసేస్తే" అన్నది మా ఆవిడ. కొబ్బరిచెట్లు తీసేస్తే కోనసీమలో ఇంకేం మిగులుతుందని నేను అడగలేదు.

స్టోమార్కెట్ చిన్న బస్తీ. నడిబొడ్డున, చర్చికి దగ్గరగా, పూర్వం ధాన్యం బేరాలు సాగిన పాత భవనం ఒకటి ఉన్నది. దానికే ఇప్పుడు జాన్ పీల్ పేరు పెట్టి పాటకచేరీలకూ, నాటకాలకూ వాడుతున్నారు. రికార్డులన్నీ అందులో బారులు తీరి ఉంటాయని ఆశపడ్డాను. తీరా చూస్తే ఉన్నది వేదిక, కుర్చీలు! పాట అయితే ఉన్నది గాని, పెట్టె లేదు. "మరి రికార్డులో?" అని అడిగితే, "అవి ఇక్కడ పెట్టలేదు, మామయ్యగారూ. ఆయన పోయాక ఇంటివాళ్ళే అట్టిపెట్టుకున్నారు" అన్నాడు అల్లుడు.

సన్నని శిఖరం కింద

అక్కడి నుంచి గ్రేట్ ఫిన్‌బరో మూడు మైళ్ళు. పేరులో 'గ్రేట్' ఉన్నా ఊరు చిన్నదే. ఆకాశాన్ని గుచ్చుతున్నట్టు సన్నగా, పొడవుగా లేచిన చర్చి శిఖరం ఒకటి దూరం నుంచే దారి చూపిస్తుంది. ఆ చర్చి ఆవరణలోనే జాన్ పీల్ సమాధి. 2004 అక్టోబరు 25న, దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, కుస్కో నగరంలో ఉండగా గుండె ఆగి పోయాడు. అప్పటికి ఆయన వయస్సు 65. తీసుకువచ్చి తన పల్లెలోనే సమాధి చేశారు. రాతి మీద ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన 'టీనేజ్ కిక్స్' అనే పాటలోని ముక్క చెక్కించారు. ఎవరో పువ్వులు పెట్టి వెళ్ళారు. మేమూ కాసేపు నిలబడ్డాము.

ఆయన కాపురమున్న ఇల్లు ఆ ఊళ్ళోదే. మేము చూడబోలేదు. పరాయివారి గుమ్మం ముందు నిలబడి తొంగి చూడడం మర్యాద కాదు గదా! చర్చి గోడ పక్క బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తింటూ, మిగిలిన కథ అల్లుడి చేత చెప్పించుకున్నాను.

అందులో నన్ను పట్టి నిలిపినవి రెండు సంగతులు.

మొదటిది కార్డులు. ప్రతి ఎల్.పి.కీ ఒక నంబరు వేసి, ఒక చిన్న కార్డు మీద పాడినవారి పేరూ, పాటల పేర్లూ టైపు చేసి పెట్టుకున్నాడట. ఇరవయ్యారు వేల కార్డులు! రేడియోలో ఉద్యోగం చేసే మనిషి, చేతిలో పనివాళ్ళు లేకుండా, సొంత ఇంట్లో కూర్చుని చేసిన పని ఇది. రికార్డు దుకాణంలో దొరుకుతుంది. ఆ కార్డు మాత్రం ఆ ఇంట్లో తప్ప ఎక్కడా దొరకదు.

రెండవది ఒక చెక్కపెట్టె. అన్ని వేల రికార్డులలోనూ నూటనలభై పైచిలుకు చిన్న రికార్డులు మాత్రం ఏరి, ఆ పెట్టెలో విడిగా పెట్టుకున్నాడు. ఇల్లు తగలబడితే ముందు చంకన పెట్టుకుని పరుగెత్తవలసిన పెట్టె అన్నమాట. ఆయన పోయాక 2005లో ఆ పెట్టె మీద ఇంగ్లండులో ఒక టెలివిజన్ చిత్రమే తీశారు. అరవయ్యారు వేలు పోగుచేసిన మనిషి మనసు ఎక్కడున్నదో ఆ చిన్న పెట్టె చెప్పింది.

ఇంటివాళ్ళు ఏం చేశారంటే, తొందరపడలేదు. 2012లో ఒక ఏర్పాటు జరిగింది. ఎ నుంచి జెడ్ వరకు ఒక్కొక్క అక్షరం కింద మొదటి నూరేసి ఎల్.పి.లు, అంటే మొత్తం 2,600, వాటి అట్టలూ, ఆయన కార్డులూ ఫోటోలు తీసి ఇంటర్నెట్టులో అందరికీ చూపించారు. బల్ల మీద అవి ఏ వరసలో ఉన్నాయో ఆ వరసే! పాటలు వినిపించే హక్కు వేరేవారిది గనుక, అట్టా కార్డూ చూపగలిగారు గాని, అన్ని పాటలూ వినిపించడం వారి చేతిలో లేదు. తరువాత 2022 జూన్‌లో కొన్ని అరుదైన రికార్డులూ, ఉత్తరాలూ లండనులో వేలానికి పెట్టారు. కొంత ఉంచుకున్నారు, కొంత చూపించారు, కొంత వదులుకున్నారు. సంసారం చేసేవాళ్ళు ఇంతకన్న ఏం చేస్తారు?

మూడు దారులు

తిరుగు రైలులో అల్లుడు తన ఫోను తీసి, అమెరికాలో ఇటువంటి కథలే ఇంకా కొన్ని చూపించాడు.

పిట్స్‌బర్గ్ నగరంలో పాల్ మాహినీ అనే రికార్డుల వ్యాపారి నలభై ఏళ్ళలో సుమారు ముప్పై లక్షల రికార్డులు పోగుచేశాడు. వయసు మీరి, చూపు మందగించి, అమ్ముదామంటే ఏళ్ళ తరబడి కొనే నాథుడు లేడు. చివరకు 2013లో బ్రెజిల్ దేశంలోని సావో పాలో నగరానికి చెందిన జీరో ఫ్రెయితాస్ అనే బస్సుల కంపెనీ యజమాని అన్నీ టోకున కొన్నాడు. తరలించడానికి యాభైమూడడుగుల ట్రెయిలరు లారీలు ఎనిమిది కావలసి వచ్చాయి. ఒక మనిషి ఆస్తి మరో మనిషి గిడ్డంగికి చేరింది. బాగానే ఉన్నది. మరి ఆ రెండో మనిషి తరువాత?

లూయీవిల్ నగరంలో 2010లో ఒంటరి పెద్దమనిషి ఒకాయన పోతే, ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ళు చెత్త తొట్టెలోకి సామాను విసురుతున్నారు. అందులో పాత పల్లెపాటల రికార్డులు ఉన్నాయని కనిపెట్టి ఒకరిద్దరు పరుగున వెళ్ళి, దక్కినన్ని దక్కించారు. వాటిలోంచి ఏరిన పాటలు 2012లో మూడు డిస్కుల సంపుటంగా వెలువడ్డాయి. తొట్టెలో పోయినవాటి లెక్క ఇక ఎవరికీ తెలియదు.

ఇక వర్జీనియా రాష్ట్రంలో కల్పెపర్ అనే ఊరి పక్క ఒక గుట్ట ఉన్నది. అణుయుద్ధం వస్తే అది ముగిశాక పనికి వస్తాయని, అమెరికా ప్రభుత్వం 1969లో ఆ గుట్టను తొలిచి కట్టిన నేలమాళిగలో వందల కోట్ల డాలర్ల నోట్లు దాచింది. యుద్ధం రాలేదు. 2007 నుంచి అదే చోట అమెరికా జాతీయ గ్రంథాలయం వారు చల్లని గదులలో రికార్డులూ, సినిమా రీళ్ళూ భద్రపరుస్తున్నారు. తొంభై మైళ్ళ పొడుగు బల్లలట! నోట్ల కట్టలుండిన చోట పాటలు. ఇది విన్నప్పుడు మాత్రం మా ఆవిడ, "ఆ దేశం వాళ్ళకు ఆపాటి బుద్ధి ఉన్నదన్నమాట" అన్నది.

అయితే ప్రతి ఇంటి రికార్డులకూ గుట్టలు తొలుస్తారా? గ్రంథాలయాల వారికీ చోటు కొరతే. తమ దగ్గర ఇదివరకే ఉన్న రికార్డును మళ్ళీ పుచ్చుకోరు. ముందుగా పట్టిక అడుగుతారు. పట్టిక లేని వెయ్యి రికార్డులు వాళ్ళ కంటికి కట్టెల మోపు. పట్టిక ఉన్న వంద రికార్డులు పుస్తకం. పట్టిక రాయగలిగినవాడు ఆ రికార్డులు కొన్నవాడొక్కడే. ఆయన ఉన్నన్నాళ్ళు మనం అడగము. పోయాక అడగడానికి ఆయన ఉండడు. మా ఇంట జరిగిందీ ఇదే.

వదినగారి నోటుబుక్కు

ఇంటికి వచ్చిన వారానికే కాకినాడ వెళ్ళాను. నూరు పేజీల నోటుబుక్కు ఒకటి కొని పట్టుకువెళ్ళి, "వదినగారూ, అమ్మడం, ఇవ్వడం తరువాతి మాట. ముందు రాసుకుందాము. అన్నయ్య లేడు గాని మీరున్నారు గదా" అన్నాను.

"నాకేం తెలుసయ్యా పాటల సంగతి?" అన్నారు. అంటూనే మొదటి రికార్డు అట్ట మీది దుమ్ము కొంగుతో తుడిచి, "ఇది పెద్దాడు పుట్టిన నెలలో కొన్నారు. ఆ నెల పాలవాడికి డబ్బివ్వలేదు" అన్నారు.

పది రోజులు కూర్చున్నాము. పొద్దున రెండు గంటలు, సాయంకాలం రెండు గంటలు. నేను రికార్డు మీది పేరూ, నంబరూ రాసేవాణ్ణి. పక్క గీతలో ఆవిడ చెప్పింది రాసేవాణ్ణి. ఇది ఎవరు కోరి తెప్పించుకున్నారు, ఇది ఏ పండుగకు వేసేవారు, దీని మీద గీత ఏ పిల్లవాడు పెట్టాడు, అన్నీ ఆవిడకు తెలుసు. నలభై ఏళ్ళు వంటింట్లోంచి విన్నారు మరి! మేమెవ్వరమూ ఎరగని సంగతి ఏమిటంటే, బల్ల మీద అన్నయ్య పేర్చిన వరస కొన్న తేదీల వరస. ఆ వరస చెరపకుండా చదివితే అది మా అన్నయ్య సంసారం.

అరలోంచి తీస్తూ చూస్తే కొన్ని ఎల్.పి.లు వంగిపోయాయి. వాటిని ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకూడదనీ, నిలబెట్టే ఉంచాలనీ, ఎండ తగలకూడదనీ ఇప్పుడు తెలిసింది. లక్క రికార్డులు పాతవే అయినా గట్టిగానే ఉన్నాయి. మన అడవులలో మోదుగ, రేగు చెట్ల మీద బతికే చిన్న పురుగుల పుణ్యం అది. ఒకప్పుడు ప్రపంచంలోని రికార్డులకు లక్క చాలావరకు మన దేశం నుంచే వెళ్ళేది. అట్టలను మాత్రం చెదలు రుచి చూశాయి.

పట్టిక పూర్తి అయింది. రెండు ప్రతులు తీయించి, ఒకటి పిల్లలకు పంపాము. రెండోది జతచేసి, 1990లో బొంబాయిలో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘం వారికి ఉత్తరం రాశాను. ఎవరు ఏవి కోరితే అవి, పట్టికలోని కాగితంతో సహా ఇస్తాము. ఎవరూ కోరనివి ఉన్నన్నాళ్ళు ఆ గదిలోనే ఉంటాయి. ఇందులో గొప్ప పరిష్కారం ఏమీ లేదు. అయితే కిలోల లెక్క తప్పింది.

నేను బయలుదేరే రోజున వదినగారు నలభై రికార్డులు ఏరి ఒక పక్కన పెట్టారు. ఏమిటివి అని అడిగితే, "ఇవి నావి. ఇవి ఎవరికీ ఇవ్వను" అన్నారు. అన్నయ్యతో అన్నేళ్ళు పోట్లాడిన మనిషి!

ఆ పూటే వీధిలో పాతసామాన్లవాడు కేక వేశాడు. పెద్దవాడు పిలిపించినవాడే. వదినగారు గుమ్మంలోకి వెళ్ళి, ఆర్నెల్ల దినపత్రికలు తూకం వేయించి, డబ్బు కొంగున ముడివేసుకుని లోపలికి వచ్చారు.

"పాటల సంగతేమిటమ్మా?" అని అతడు అరుగు మీద నుంచే అడిగాడు.

"పాటలు తూకానికి రావు నాయనా" అన్నారావిడ.