మైకు ఎవరి ముందు పెట్టాలి?

"మేడం, మీరు బట్టలు, మేకప్ చూసుకోండ్రి. కరెంటు పని మేం చూసుకుంటం."

లైట్లు, మైకుల బాధ్యత నాదని చెప్పగానే సౌండు సెట్టు తెచ్చినతను అన్నమాట ఇది. 2006 మేడారం జాతరకు ముందు హనుమకొండలో మేం కొందరం ఆడవాళ్ళం సమ్మక్క కథను సంగీత రూపకంగా వేశాం. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది కానీ, అప్పటికి వరంగల్ జిల్లాదే. ఎటు చూసినా కాకతీయ తోరణం బొమ్మ కనిపించే ఊళ్ళో, కాకతీయ సైన్యాన్ని ఎదిరించిన కోయ స్త్రీ కథ చెప్పాలనుకున్నాం.

అతన్నేం తప్పుపట్టను. పదిహేనేళ్ళుగా పిల్లలకు ఓమ్ నియమం చెప్తున్న నేను, మా ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం ఆయన వచ్చేదాకా కొవ్వొత్తి వెలిగించుకుని కూచున్నదాన్నే. 1885లో కీచకవధతో మొదలైన సురభి సమాజంలో ఆడపాత్రలు ఆడవాళ్ళే వేశారు. నాటకమే సంసారమైన ఆ కుటుంబాల్లో తెర వెనక పనీ అందరిదీ. మా దగ్గర మాత్రం ఆడవాళ్ళు స్టేజీ ఎక్కడం వరకే ఒప్పుకున్నారు. స్విచ్చుల దగ్గరికి ఇంకా రానివ్వలేదు.

మాకు వెయ్యి వాట్ల లైట్లు ఎనిమిది. 230 వోల్టుల మీద ఒక్కొక్కటీ నాలుగు ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఎనిమిదీ కలిస్తే దాదాపు 35. పదిహేను ఆంపియర్ల ప్లగ్గు మూడింటిని మోస్తుంది, నాలుగోది తగిలిస్తే పరిమితి దాటిపోతుంది. నోటుపుస్తకంలోంచి కాగితం చింపి లెక్కవేసి, మూడు, మూడు, రెండుగా మూడు ఫేజులకు పంచమన్నాను. అతను కాగితం వంక కాసేపు చూసి, మారు మాట్లాడకుండా వైర్లు లాగాడు. ఆ తర్వాత "మేడం, గీ వైరు యాడికి?" అని నన్నే అడగడం మొదలుపెట్టాడు.

అసలు తగువు మైకుల దగ్గర వచ్చింది. ఉన్నవి నాలుగు. అలవాటు ప్రకారం రెండు డప్పులకు, ఒకటి హార్మోనియానికి, ఒకటి వ్యాఖ్యాతకు. కోరస్ పాడే ఎనిమిది మంది ఆడవాళ్ళకు ఏమీ లేదు. "ఎనిమిది గొంతులు కలిస్తే ఇనపడదా?" అన్నారు. రిహార్సల్లో చివరి వరసలో కూచుని విన్నాను. దరువు వినిపిస్తోంది, మాట వినిపించడం లేదు. కరువులో కప్పం ఎక్కడినుంచి తెచ్చి కట్టాలని కోయలు అడిగే పాట అది. ఆ ప్రశ్న వినపడకపోతే యుద్ధం ఎందుకొచ్చిందో ఎవరికి తెలుస్తుంది?

పైగా హార్మోనియం ఒకటిన్నర శ్రుతిలో ఉంది, వాయించే ఆయన గొంతుకు అనువుగా. ఆడవాళ్ళ గొంతులు అడుగున ఎక్కడో గొణుగుతున్నాయి. "మైకు పెంచితే సరి" అన్నారు. పెంచితే స్పీకరులోంచి వచ్చిన శబ్దమే మళ్ళీ మైకులో దూరి కూత పెట్టింది. లోపం మైకుది కాదు, శ్రుతిది. అయిదుకు మార్చమన్నాను. డప్పుల ముందున్న మైకులు రెండూ కోరస్ ముందు పెట్టమన్నాను. దరువు మాటలను మింగకుండా డప్పుల వాళ్ళను పక్క తెర చాటుకు జరగమన్నాను.

అప్పుడు డప్పు కొట్టే పెద్దాయన నెమ్మదిగా అన్నాడు: "టీచరమ్మా, డప్పుకు మైకు అక్కరలేదనుడు నిజమే. గని పక్కకు జరుగుమనుడు మాకు పుట్టినకాడి నుంచి ఇనుడే."

నాకు నోట మాట రాలేదు. ఊరి చివరకు నెట్టబడిన వాళ్ళను నేను తెర చాటుకు నెడుతున్నాను, అదీ ఆడవాళ్ళకు న్యాయం చేస్తున్నాననుకుంటూ. లెక్క మళ్ళీ వేశాను. మైకులు కోరస్‌కే ఉంచాను. డప్పుల వాళ్ళను స్టేజీ మీద ముందు వరసకు, కోరస్‌కు ఎదురు చివరకు తెచ్చి, రెండు లైట్లు వాళ్ళ మీదికి తిప్పించాను. డప్పు మంటకు కాగితేనే పలుకుతుంది, హాల్లో మంట పెట్టనివ్వరు. అందుకని వెనక ఖాళీ స్థలంలో గడ్డి మంట ఏర్పాటు చేశాం. వాళ్ళ ఘట్టానికి పది నిమిషాల ముందు వెళ్ళి చెప్పే పని మా అమ్మాయికి అప్పగించాను.

చివరి ఘట్టంలో వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమవుతుంది. డప్పులు ఆగిపోయాయి. నేను లైట్లు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చి అన్నీ ఆర్పేశాను. "కరెంటు పోయింది!" అని ఎవరో అరిచారు. కోతల కాలం మరి, జనం నవ్వారు. అంతలో చీకట్లోంచి ఎనిమిది గొంతులు లేచాయి, ప్రతి మాటా చివరి వరసదాకా. నవ్వు ఆగిపోయింది.

వందన సమర్పణలో లైట్లు, సౌండు కింద షాపు పేరొక్కటే చదివారు. చిన్నబోయాననే చెప్పాలి. వైర్లు చుడుతూ అతను "గా లెక్క కాయిదం నాకిస్తరా మేడం?" అన్నాడు. ఇచ్చేశాను.

ఆ ఏడాది నుంచి రిటైరయ్యేదాకా, ఓమ్ నియమం చెప్పే రోజున ఆడపిల్లల చేతే మెయిను ఆపించి ఫ్యూజు తీగ వేయించాను.