చైన్ మిషన్ కొన్న ఏడు

మా తెనాలి వైపు వరి కోత మిషన్ కొంటున్నామని చెబితే ఊళ్లో మొదట వచ్చే ప్రశ్న కంపెనీ గురించి కాదు. చైన్ మిషనా, టైర్ల మిషనా అని అడుగుతారు. మా అక్కయ్య వాళ్లింట్లో 2023లో ఆ వాదన నెలల తరబడి నడిచింది. లెక్కలు రాసేది నేనే కాబట్టి రెండు పక్షాలవాళ్లూ నా దగ్గరికే వచ్చేవాళ్లు.

మా బావకు టైర్ల మిషన్ మీద మనసు. ఆయన లెక్క కొట్టిపారేసేది కాదు. టైర్ల మిషన్ 14 అడుగుల వెడల్పున కోస్తుంది, చైన్ మిషన్ ఆరున్నర, ఏడు అడుగులు దాటదు. టైర్లదైతే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తన కాళ్ల మీద తనే పోతుంది. చైన్ మిషన్‌ని నాలుగు కిలోమీటర్లు కదపాలన్నా లారీ పిలవాలి, పలకలు వేసి ఎక్కించాలి, దించాలి. టైర్ల మిషన్లలో చాలావాటికి లారీ ఇంజనే ఉంటుంది, తెనాలిలో ఏ మెకానిక్ అయినా విప్పి బిగిస్తాడు. టైరు పోతే టైరు మార్చుకుంటాం. రబ్బరు చైన్లు అరిగితే జత మార్చడానికి లక్ష దాటే ఖర్చు. పంజాబు నుంచి ఏటా వచ్చే సర్దార్జీలు దశాబ్దాలుగా టైర్ల మీదే దేశమంతా తిరిగి కోస్తున్నారు కదా, వాళ్లకు తెలియదా అనేవాడు బావ.

మావయ్యగారు, అంటే బావ వాళ్ల నాన్నగారు, అసలు మిషన్ మాటే ఇష్టపడేవారు కాదు. ఆయన దిగులంతా మినుము గురించి. మా కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేను నిలబడి ఉండగానే తడి మట్టి మీద మినుములు చల్లుతారు. దున్నేది లేదు, నీళ్లు పెట్టేది లేదు. వరి వదిలిన తేమతో, శీతాకాలం మంచుతో ఆ పంట పండుతుంది. చేత్తో కోసిన రోజుల్లో పనలు చేలో ఆరుతుండగానే వాటి కింద మినుము మొలిచేది. పనలు ఎత్తి కుప్ప వేసేసరికి చేను పచ్చగా కనిపించేది. "మీ మిషన్ వరి కోసిపెడుతుంది అల్లుడూ, మినుము సంగతి ఎవరు చూస్తారు?" అని నన్నే అడిగేవారు. కోత కూలీలు దొరక్క ఆయనా చివరికి మిషన్లు పిలిపించక తప్పలేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. ఇప్పుడు చూస్తే ఆ వాదనలో అసలు ప్రశ్న అదొక్కటే.

ఆ ఏడు డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా చేలలో అప్పటికి కోతకొచ్చిన బీపీటీ 5204 ఉంది. బాపట్లలోనే పుట్టిన వంగడం, అన్నానికి దాన్ని మించింది లేదంటాను నేను. దుబ్బు మెత్తన, గాలి తగిలితే నిలవదు. మర్నాడు పొలం వెళ్లి చూస్తే చేను మొత్తం ఒకే దిక్కుకు పడిపోయి నీళ్లలో ఉంది. నీరు తీశాక వెన్నులెత్తి చూస్తే కొన్నింటికి గింజ మీదే తెల్లటి మొలక. ముందుగా మినుము చల్లినవాళ్ల విత్తనం నీళ్లలోనే కుళ్లింది. ఎవరి మొహం చూసినా ఒకటే మాట, మిషన్ ఎప్పుడొస్తుంది అని.

మొదట వచ్చింది టైర్ల మిషనే. గట్టు పక్క చేను కొంచెం మెరక కావడంతో అక్కడ బాగానే కోసింది. మధ్యకు వచ్చేసరికి ముందు చక్రాలు దిగాయి. డ్రైవరు వెనక్కి తీయబోతే ఇంకా దిగాయి. బావ, నేను గట్టు మీదే ఉన్నాం. ధాన్యం తొట్టి సగం నిండి ఉంది. అసలే ఏడెనిమిది టన్నుల మిషన్, పైన ఆ ధాన్యం బరువు. చక్రం తిరుగుతోంది, బురద వెనక్కి చిమ్ముతోంది, మిషన్ మాత్రం కదలదు. తొట్టిలో ధాన్యం గోతాల్లోకి దించి, రెండు ట్రాక్టర్లు కట్టి లాగితే సాయంత్రానికి బయటపడింది. లాగినంత మేర చేను గుంటలు పడిపోయింది.

ఇక్కడ దమ్ము సంగతి చెప్పాలి. నాట్లకు ముందు దమ్ము చేసినప్పుడు పైమట్టి బురద అవుతుంది, దాని కింద ఏళ్ల తరబడి గట్టిపడిన పొర ఒకటి ఉంటుంది. అది నీటిని ఆపుతుంది, బరువునూ మోస్తుంది. టైరు పైబురదలోంచి దిగి ఆ గట్టి పొర మీద నిలబడగలిగితే మిషన్ నడుస్తుంది. అది ఎక్కడైనా పగిలిందా, చక్రానికి కింద ఆనుకునేది ఏమీ ఉండదు. మావయ్యగారు చేతికర్ర చేలో గుచ్చి ఎంత లోతున తగిలిందో చూసేవారు. ఆ చేను మధ్యలో కర్ర మోచేతి పొడవు దిగినా ఏమీ తగల్లేదు.

చైన్ మిషన్ మా ఊరికి వచ్చేసరికి ఇంకో వారం పట్టింది. జిల్లాలో అందరికీ అదే కావాలి, అద్దె కూడా ఎక్కువే. అదే చేలోకి దిగింది. మూడు టన్నుల బరువు, కింద రెండు పొడవాటి రబ్బరు చైన్లు. ఆ బరువంతా చైన్ల పొడవునా పరుచుకుంటుంది కాబట్టి చదరపు సెంటీమీటరుకు పడేది సుమారు 0.2 కిలోలే. నడిచే మనిషి పాదం కింద అంతకంటే ఎక్కువే పడుతుంది. డ్రైవరు చేను చుట్టూ ఒకసారి నడిచి చూసుకుని, పడిన దిక్కుకు ఎదురుగా మొదలుపెట్టాడు. రీలు కిందికి దించి, పళ్లతో దుబ్బును లేపుకుంటూ నెమ్మదిగా కోశాడు. ఆ వేగానికి ఎకరం కోయడానికి గంట దాటింది. బావ ఒక్క మాట మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాడు.

కోత అయ్యాక చేలో దిగి రెండు జాడలూ చూశాం. టైరు పోయిన చోట జానెడు లోతు గాడి, అందులో అప్పటికే నీరు ఊరి ఉంది. పక్కలకు నెట్టుకొచ్చిన మట్టి గడ్డలుగా లేచింది. నల్లరేగడి కదా, ఎండితే ఆ గడ్డలు రాయి అవుతాయి, గాడిలో నీరు మాత్రం నిలిచే ఉంటుంది. అందులో మినుమూ మొలవదు, దున్నకుండా గుంటలు చేసి వేసే మొక్కజొన్నా మొలవదు. చైన్ పోయిన చోట బొటనవేలు దిగేంత అచ్చు, అంతే. మావయ్యగారు వంగి ఆ అచ్చులో మట్టిని వేళ్లతో గీరి చూసి, "ఇది మొలుస్తుందిరా," అన్నారు బావతో. కొనడం విషయంలో మా ఇంట్లో జరిగిన చివరి చర్చ అదే.

అప్పుడే ఒకటి చదివి నాకు ఆశ్చర్యమేసింది. ఈ చైన్ల పద్ధతి పొలాల్లో పేరు తెచ్చుకున్నదీ డెల్టా మట్టిలోనే. కాలిఫోర్నియాలో స్టాక్టన్ దగ్గర నదుల ముఖాన మెత్తటి నేలలు ఉన్నాయి. అక్కడ ఆవిరి ట్రాక్టర్లు దిగబడుతుంటే చక్రాలను వెడల్పు చేసుకుంటూ పోయారు, అయినా ఆగలేదు. చివరికి బెంజమిన్ హోల్ట్ అనే తయారీదారు చక్రాలు తీసేసి చెక్కపలకల చైన్లు బిగించి 1904 నవంబరులో పరీక్షించాడు. క్యాటర్‌పిల్లర్ కంపెనీకి మూలమైన రెండు కంపెనీల్లో ఒకటి ఆయనదే. బావకు చెబితే, "మరి మనకు రావడానికి ఇన్నేళ్లెందుకు పట్టిందిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2024 వానాకాలం పంటకు ముందు చైన్ మిషన్ వచ్చింది. బావ భయపడిన ఖర్చులు నిజమైనవేనని మొదటి సీజన్‌లోనే తేలింది. చైన్ మిషన్ మళ్లేది ఒక పక్క చైన్ ఆపి రెండోది తిప్పడం వల్ల. బురదలో అది తేలిక. గట్టి నేల మీద, ముఖ్యంగా తారురోడ్డు మీద, అక్కడికక్కడే తిప్పితే చైన్ మీద ఉబ్బెత్తుగా ఉండే రబ్బరు కట్టెలు చీరుకుపోతాయి. మా డ్రైవరు కుర్రాడు మొదట్లో లారీ దించగానే రోడ్డు మీదే గిర్రున తిప్పేవాడు. ఒక రబ్బరు కట్టె మూల ఊడి లోపలి ఉక్కు తీగలు బయటపడ్డాక బావ వాడిని కూర్చోబెట్టి చూపించాడు. ఆ తీగల్లోకి తడి దిగితే తుప్పు పడుతుంది, తుప్పు పడితే చైన్ తెగుతుంది. అప్పటి నుంచి వాడు చేలోనే, వెడల్పుగా, నిదానంగా మళ్లిస్తున్నాడు.

సాయంత్రం పని ఇంకా పెద్దది. రోలర్ల మధ్య ఇరుక్కున్న బురద రాత్రికి గట్టిపడితే తెల్లారి రోలరు తిరగదు, చైన్ దాని మీద రాసుకుంటూ పోతుంది. ఎంత అలసిపోయినా గునపంతో పొడిచి, నీళ్లు కొట్టి శుభ్రం చేశాకే అన్నం. బిగువు కూడా చూడాలి. వదులైతే గట్టు ఎక్కేటప్పుడు చైన్ ఊడుతుంది, మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. బావ రోలరుకూ చైనుకూ మధ్య వేలు పెట్టి చూస్తాడు.

పొలాలు ఎండి ఉండే ఏప్రిల్ కోతల్లో టైర్ల మిషన్‌తో మేం పోటీ పడలేం. అది రెండెకరాలు కోసేసరికి మాది ఒకటి కోస్తుంది, రాళ్లున్న నేలల్లో రబ్బరు అరుగుదల వేరే. ఏడాది పొడవునా గట్టి నేలల్లో తిరిగేవాళ్లకు టైర్లే మేలని నేనిప్పటికీ చెబుతాను. నల్లరేగడి డెల్టాలో, డిసెంబరులో, కింద మినుము చల్లిన చేలో టైరు దింపడం మాత్రం రైతుకు అన్యాయం. అద్దె తీసుకున్నవాడు గంటలో వెళ్లిపోతాడు, గాడితో వేసవి దాకా బతకాల్సింది కౌలు కట్టే మనిషి.

వానాకాలం కోతలు మిరియాలగూడ వైపు ముందొస్తాయి, అక్టోబరు చివర్లో మిషన్ని లారీ ఎక్కించి అటు పంపుతాం. అక్కడ పని బాగా ఉంటుంది, ఇంకో పది రోజులుండమని అడుగుతారు. కానీ ఇక్కడి కౌలురైతులు మినుము చల్లే రోజు ముందే బావకు ఫోన్ చేసి చెబుతున్నారు. చల్లిన రెండో రోజుకో మూడో రోజుకో మిషన్ చేలో ఉండాలి. మొలక పైకి లేచాక చైన్ తొక్కినా నలుగుతుంది. అందుకని బావ మిరియాలగూడ బేరాలు కొన్ని వదులుకుని నవంబరు చివరికల్లా ఊరొచ్చేస్తున్నాడు. ఎవరి చేలో ఎప్పుడు చల్లేదీ నేను నోటుబుక్కులో వరసగా రాసిపెడుతున్నాను.