పేరు ఎంత దూరం పోయింది?

లైనక్స్ కెర్నెల్‌లో ఏదైనా పేరు మార్చాలనుకుంటే కొత్త పేరు ఎంత బాగుందో తర్వాత చూద్దువు. పాత పేరు ఎంత దూరం పోయిందో ముందు చూడు. లోకల్ వేరియబుల్ తన ఫంక్షన్ దాటదు, మార్చుకో. స్టాటిక్ ఫంక్షన్ ఫైలు దాటదు, మార్చుకో. ఎక్స్‌పోర్ట్ చేసిన సింబల్ అయితే దాన్ని వాడే ప్రతి డ్రైవర్‌నూ కదపాలి. యూజర్ ప్రోగ్రాముల దాకా పోయిన పేరును మాత్రం ముట్టుకోకు. యూనిక్స్ నాటి ‘క్రియట్’ సిస్టమ్ కాల్ చివర ‘ఇ’ లేకుండానే లైనక్స్‌లో ఇప్పటికీ బతుకుతోంది.

మాది జగిత్యాల జిల్లా వెల్గటూర్. ఈ పని నాకు నేర్పింది హైదరాబాద్‌లో మా సీనియర్ అక్క. ఇంకా కుదురుకోని డ్రైవర్లుండే ‘స్టేజింగ్’ డైరెక్టరీలో కూర్చోబెట్టి, స్టైల్ తప్పులు పట్టే స్క్రిప్ట్ చూపించి, “చెక్‌ప్యాచ్ చెప్పిందల్లా దిద్దకు. ఒక ప్యాచ్‌ల ఒక్క పేరే మార్చు” అన్నది. క్యామెల్‌కేస్‌లో ఉన్న ఒక పేరును మారిస్తే నా మొదటి ప్యాచ్ కెర్నెల్‌లోకి పోయింది. ఇంటికి ఫోన్ చేసి చెప్తే, “పేరు మార్చినందుకు జీతమిస్తరా?” అన్నాడు మా బాపు.

అక్క నేర్పిన కిటుకు ఇది. మార్పుకు ముందూ తర్వాతా కంపైల్ చేసి, రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లనూ ఆబ్జ్‌డంప్‌తో విప్పి డిఫ్ తీయి. ఇన్‌స్ట్రక్షన్లలో తేడా కనిపిస్తే పేరుతో పాటు ఇంకేదో కదిలిందన్నమాట.

ఆ పరీక్షకూ దొరకనివి ఉంటాయి. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒక వేరియబుల్ పేరును సెడ్‌తో మార్చేశాడు. అది మాడ్యూల్ పారామీటర్.

“అన్నా, పేరే కద, ఏమైతది?”

“తమ్మీ, ఎవరో కాన్ఫిగ్ ఫైల్ల పాత పేరు రాసి పెట్టుకున్నడు. రేపు అప్‌డేట్ చేస్తే ఆయన సెట్టింగ్ పన్జెయ్యదు.”

‘మాడ్యూల్_పారమ్_నేమ్డ్’ వాడించాను. లోపల కొత్త పేరు, బయట పాత పేరు.

2020 జులైలో కెర్నెల్ కోడింగ్ స్టైల్‌లో ‘మాస్టర్/స్లేవ్’, ‘బ్లాక్‌లిస్ట్’ మాటలు కొత్తగా వాడొద్దన్న నియమం చేరింది. అప్పుడు వాదన వేడిగానే నడిచింది. కానీ నియమం చదివితే జాగ్రత్త కనిపిస్తుంది: యూజర్ ఇంటర్‌ఫేస్‌కు, అప్పటికే ఉన్న హార్డ్‌వేర్ స్పెసిఫికేషన్లకు మినహాయింపు ఉంది. మా ఊరి సంగతీ ఇలాంటిదే. 2016లో మా మండలం కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాలలోకి వచ్చింది. కొత్త కాగితాల మీద జగిత్యాల, బాపు దాచిన పాత దస్తావేజుల్లో కరీంనగర్. రెండూ చెల్లుతాయి.

పెద్ద మార్పు ఎలా చేయాలో కెర్నెల్ డెవలపర్ థామస్ గ్లెయిక్స్‌నర్ దగ్గర చూడు. ‘డెల్_టైమర్’ ఫంక్షన్ పక్కనే 2022లో ‘టైమర్_డిలీట్’ పెట్టాడు. రెండు పేర్లూ కలిసి నడిచాయి. 2025లో కెర్నెల్ మొత్తం ఒక్క ఊపున కొత్త పేరుకు మారింది, పాతది పోయింది. ఆ పని కాక్సినెల్‌తో జరిగింది. జూలియా లావాల్ బృందం చేసిన ఈ పరికరం సెడ్‌లా అక్షరాలను కాదు, సీ భాష నిర్మాణాన్ని చూస్తుంది.

ఇంత చక్కగా చేసినా ఖర్చు ఉంటుంది. పాత స్టేబుల్ కెర్నెళ్లలో పాత పేరే ఉంటుంది కాబట్టి, రేపు బగ్ ఫిక్స్‌ను అక్కడికి తీసుకెళ్లేవాళ్లు చేత్తో దిద్దుకోవాలి. అందుకే కమిట్ మెసేజ్‌లో “చదవడానికి బాగుంటుంది” అని రాయకు. పాత పేరు చూసి ఎవరు ఎక్కడ పొరబడతారో ఒక్క వాక్యంలో చెప్పు. ఆ వాక్యం కుదరకపోతే ప్యాచ్ పంపకు.